వియ్యాలవారిచ్చిన బోర్డు

మాఘ శుద్ధ విదియ, నీరెక్కే పొద్దుటి పోటు

తెరచాపపాలెం నుంచి ప్రధానం పడవ వచ్చింది. పసుపు, కుంకుమ, చీరలు, ఎండుకొబ్బరి, రెండు బుట్టల మినపసున్ని. ఆఖరి పళ్లెంలో మాత్రం పసుపుగుడ్డ చుట్టి, పైన కుంకుమబొట్టు పెట్టిన లెక్కల బోర్డు ఉంది. ఊరి కంప్యూటర్‌లో బిగించుకునేది. పెళ్లికూతురు చీరలకంటే ముందు అమ్మ దాన్నే విప్పి చూసింది.

మా చెల్లెలు ధనకుమారికి, తెరచాపపాలెంలో వంటశాల నడిపే ఎల్లాజీకి దశమినాడు పెళ్లి. మావి రెండూ సముద్రం మీద తేలే ఊళ్లు. పాత ఓడల పొట్టలు జతచేసి మా తాతలు కట్టుకున్నవి. ప్రవాహం ఎటు తీసుకుపోతే అటు పోతుంటాయి, ఏడాదికోసారి ఒకదానికొకటి కనుచూపు మేరకు వస్తాయి. పెళ్లయితే రెండు ఊళ్లనీ పక్కపక్కకు తెచ్చి, అంచులు కలిపి తాళాలు వేస్తారు. మగపెళ్లివారు నడిచి రావాలి. పడవెక్కి రావడం మర్యాద కాదు.

నేను మా ఊరు నీలాటిపేటలో కంప్యూటర్ గది చూసుకుంటాను. ఊరి అడుగున నీటితొట్లు ఉన్నాయి. జనం ఒకవైపు పోగైతే అటు తొట్లలోంచి నీళ్లు తోడి ఇటు నింపాలి, లేకపోతే ఊరు ఒరుగుతుంది. ఏ పంపు ఎప్పుడు తిరగాలో చెప్పేది కంప్యూటరే. రెండు ఊళ్లు తాళాలు వేసుకున్నాక రెండు కంప్యూటర్లూ ఎవరి లెక్క వాళ్లు చూసుకుంటే ఒకటి ఎత్తుతుంది, ఇంకొకటి దించుతుంది. వెనకటికి ఒక పెళ్లిలో అలాగే అయి, అంచులు రాసుకుని, పందిరి సగం నీళ్లలో పడింది. అందుకని ఈసారి రెండు ఊళ్ల పంపులూ మా కంప్యూటరే తిప్పాలని పెద్దలు అనుకున్నారు. అంత లెక్క పాత బోర్డు చేయలేదని తెరచాపపాలెం వాళ్లు కొత్తది పంపారు.

బోర్డును చేతిలోకి తీసుకున్నాను. పిల్లాడిని ఎత్తుకున్నట్టుంది బరువు.

"దీనికి కరెంటు చాలా కావాలమ్మా. మన పవర్ సప్లై మోస్తుందో లేదో చూడాలి" అన్నాను.

అమ్మ మా ఊరి పెద్ద. పేరు సూర్యకాంతం. ఆవిడకి పవర్ సప్లై అంటే ఏమిటో తెలుసు కానీ ఇప్పుడు వినదలచుకోలేదు.

"వియ్యాలోరు పసుపుగుడ్డలో పెట్టిచ్చిన సామాను మోయలేమని చెప్తామా ఏంటే? నలుగురూ ఏమనుకుంటారు?"

"నలుగురూ నీళ్లలో పడితే ఏమనుకుంటారు?"

"శుభం పలకవే" అని బోర్డును దేవుడి గూట్లో పెట్టింది.

తదియ, మధ్యాహ్నం

దేవుడి గూట్లోంచి బోర్డు తెచ్చుకున్నాను. ముందు హారతి ఇస్తేగానీ అమ్మ ఇవ్వలేదు.

పవర్ సప్లై అంటే బ్యాటరీల నుంచి వచ్చే కరెంటును కంప్యూటర్ భరించగలిగేలా మార్చి, ఏ భాగానికి ఎంత కావాలో అంత పంచే ఇనప పెట్టె. మాది వయసులో నాకంటే కొంచెమే చిన్నది. పక్కన అతికించిన చీటీ మీద ఆరువందల యాభై వాట్లు అని రాసి ఉంది. ప్రాసెసర్, డిస్కులు, ఫ్యాన్లు, కొత్త బోర్డు అడిగే మూడువందల పైచిలుకు, అన్నీ కూడి చూశాను. ఐదువందల డెబ్బై వచ్చింది. సరిపోయిందని ఎవరైనా సంబరపడతారు. నేనూ కాసేపు పడ్డాను.

తరవాత చీటీ కింద చిన్న అక్షరాలు చదివాను. ఆ ఆరువందల యాభైలో అంతా బోర్డుకి పనికొచ్చే కరెంటు కాదు. చిన్నచిన్న భాగాల కోసం వేరే పంపకాలున్నాయి. అవి తీసేస్తే పెద్ద పనులకి మిగిలేది ఐదువందల నలభై. అదీ పెట్టె కొత్తగా ఉన్నప్పటి మాట. ఇన్నేళ్లు ఉప్పుగాలి పీల్చిన పెట్టె చీటీ మీద మాట నిలబెట్టుకుంటుందని ఎవరు చెప్పగలరు?

ఇంకో చిక్కు. బోర్డుకి రెండు తీగలు కావాలి. మా పెట్టె నుంచి వచ్చేది ఒక్కటే.

రేడియోలో తెరచాపపాలెం కంప్యూటర్ గదికి పిలిచాను. అక్కడ చూసుకునేది కోదండపాణి గారు, పెళ్లికొడుక్కి పెదనాన్న.

"మావయ్య గారూ, ఈ బోర్డు మీ ఊళ్లో నడిపారా?"

"నడపకుండా ఇస్తామా అమ్మాయ్? బ్రహ్మాండంగా నడిచింది."

"తీగలు రెండెక్కడి నుంచి ఇచ్చారండి?"

"ఒకే తీగకి రెండు కొమ్ములు పెట్టుకోవచ్చు గదా."

"రెండు తీగల కరెంటు ఒక తీగలో పోతే తీగ కాలదాండీ?"

"మరి జాగ్రత్తగా చూసుకోవాలి" అన్నారు. తరవాత గాలి రొద ఎక్కువైందని చెప్పి పెట్టేశారు. మా దగ్గర గాలి లేదు.

చవితి, సాయంత్రం

పెట్టె వెనక మూత తీస్తే తీగ గుచ్చే రెండో చోటు, ఎప్పుడూ వాడనిది, కనిపించింది. లోపలంతా చిలుము. నిమ్మరసంతో కాదు, స్పిరిట్‌తో తుడిచి, సామాన్ల కొట్లోంచి సరైన తీగ వెతికి పెట్టాను. ఇక పరీక్షే మిగిలింది.

పరీక్ష మధ్యలో కంప్యూటర్ ఆగిపోతే పంపులు ఆగుతాయి. అందుకని చేతిపంపుల దగ్గర మనుషుల్ని పెట్టాను. మా ఆయన అప్పలకొండ ఊరి అంచుకి బిగించిన ఉమ్మడి వంటపడవ నడుపుతాడు. పెళ్లికి ముందు ఊరందరికీ చేపల పులుసు పెట్టడం ఆనవాయితీ కాబట్టి పెద్ద గుండిగ పొయ్యి మీదుంది.

"ఊరు కొంచెం ఒరగొచ్చు, చూసుకోండి" అని కబురంపాను.

"ఎంత కొంచెం?" అని తిరుగు కబురొచ్చింది.

బోర్డు బిగించాను. రెండు ఊళ్ల పంపులూ ఒకేసారి తిప్పుతున్నట్టు దొంగలెక్క ఇచ్చి మొదలుపెట్టాను. ఫ్యాన్లు గుయ్యిమన్నాయి. లెక్క చకచకా సాగుతోంది. పాత బోర్డు ముక్కుతూ చేసేది ఇది నవ్వుతూ చేస్తోంది. నాకు గర్వమనిపించింది. మావయ్య గారి మీద అనవసరంగా అనుమానపడ్డాననుకున్నాను.

అంతలో టప్‌మని తెర నల్లబడింది.

పెట్టె కాలలేదు, పొగ రాలేదు. మోయలేనంత అడగ్గానే తనంతట తాను ఆగిపోయింది. మంచి పెట్టె అలాగే చేయాలి. బోర్డు చీటీ మీద రాసినంతే ఎప్పుడూ తీసుకోదు. కష్టమైన లెక్క వచ్చినప్పుడు కనురెప్పపాటులో దానికి ఒకటిన్నర రెట్లు గుంజుతుంది. ఆ గుంజుడుకే పెట్టె చేతులెత్తేసింది.

ఊరు ఎడమవైపుకి మెల్లగా వాలింది. చేతిపంపుల వాళ్లు అందుకునేలోపు పులుసు గుండిగ పొయ్యి దిగి, వంటపడవ పొడవునా జారుకుంటూ పోయి, గుమ్మం దగ్గర ఆగింది. ఒక్క చుక్క ఒలకలేదట. అప్పలకొండ దాని వెనకాలే పరుగెత్తి, ముందుకి దూకి, రెండు చేతులూ చాపి నిలబడ్డాడట. ఆ సంగతి ఇప్పటికి ఊళ్లో అందరికీ చెప్పేశాడు.

అమ్మ కంప్యూటర్ గదికి వచ్చి, గోడకి ఒరిగిన దేవుడి పటాన్ని సరిచేసి వెళ్లింది. తిట్టి ఉంటే బాగుండేది.

పంచమి, పగలంతా

మోయలేని బరువు తగ్గించుకుంటే సరి. బోర్డుకి ఒక హద్దు పెట్టుకునే వీలుంది. మూడింట రెండు వంతులకంటే ఎక్కువ కరెంటు తీసుకోకు అని చెప్పాను. పొద్దున్నుంచి నడిపితే ఒక్కసారి కూడా ఆగలేదు. పెట్టె గోరువెచ్చగా మాత్రమే ఉంది. కరెంటు అంత తగ్గినా వేగం తగ్గింది కొంచెమే.

ధనకుమారి చూడ్డానికి వచ్చింది. అది మా ఊరి సరంగు. చుక్కాని దాని చేతుల్లోనే ఉంటుంది. రేపు దశమినాడు రెండు ఊళ్లనీ అంచుకి అంచు చేర్చాల్సింది కూడా పెళ్లికూతురే.

"అక్కాయ్, అలలు లేకపోతే ఇది చాలుతుందా?"

"చాలుతుంది."

"ఉంటే?"

నేను తెర వంక చూశాను. పెద్ద అలల లెక్క ఇచ్చి చూడాలని నాకూ తోచింది కానీ, చూడాలనిపించలేదు. ధనకుమారే ఆ లెక్క ఇచ్చింది. పంపుల లెక్క అలకంటే వెనకబడింది. ఊరు ఒరిగాక చెబుతోంది, ఒరుగుతుందని.

"దశమినాడు అలలు పంపొద్దని సముద్రుడితో చెప్పొస్తావా మరి?" అంది.

"కొంచెమేగా వెనకబడింది."

"ఆ కొంచెంలో పందిట్లో పిల్లలుంటారు. ఎల్లాజీ వాళ్ల నాయనమ్మగారు మంచం దిగలేరు, మంచంతోనే మోసుకొస్తారు. నేను ఊళ్లు కలపను. పడవల్లో వస్తారు, లేదా నేనే పడవెక్కి వెళ్లి తాళి కట్టించుకుని వస్తాను."

"అమ్మ ఒప్పుకోదే."

"అమ్మ చుక్కాని పట్టదు కదా."

వెళ్లిపోయింది. దాని మీద కోపమొచ్చింది. అది చెప్పింది నిజం కాబట్టి ఇంకా వచ్చింది.

సప్తమి, నీరు తీసే పాటు వేళ

నిన్నంతా ఆలోచించి ఈరోజు పడవ కట్టుకుని తెరచాపపాలెం వెళ్లాను. వాళ్ల దగ్గర ఎలా నడిచిందో కళ్లారా చూడాలి. వాళ్ల పెట్టె మాదానికంటే పెద్దదేమో, ఏదైనా కిటుకు ఉందేమో.

అంచు దగ్గర ఎల్లాజీ ఎదురొచ్చాడు. పెళ్లికొడుకుని వంటింట్లోకి రానివ్వొద్దన్నారట, అయినా చేతులకి పిండి ఉంది.

"వదినగారూ, ముందు తినండి. పెదనాన్న ఎలాగూ ఎక్కడికీ పోడు" అన్నాడు. పీతల ఇగురు పెట్టాడు. నేను వచ్చిన పని సగం మరిచిపోయాను. చెల్లెలు ఎవర్నో ఒకర్ని చేసుకోవాలంటే ఇతన్నే చేసుకోవాలి.

కోదండపాణి గారు కంప్యూటర్ గదిలో పంచె మడతలు సర్దుకుంటూ కూర్చున్నారు. నా కోసమే ఎదురుచూస్తున్నారనిపించింది. కుశలప్రశ్నలయ్యాయి. గాలి గురించి అడిగాను, ఇక్కడా లేదన్నారు.

"బోర్డు ఎక్కడ పెట్టేవారో చూపిస్తారా మావయ్య గారూ?"

లేచి కంప్యూటర్ మూత తీశారు. బోర్డు కూర్చునే చోట పాత బోర్డే ఉంది, దాని మీద బూజు దట్టంగా పట్టి ఉంది. పక్కన వాళ్ల పవర్ సప్లై. చీటీ చదివాను. మాదానికి తోబుట్టువే. అదే ఆరువందల యాభై.

ఆయన మూత వేయలేదు. అలాగే చేతిలో పట్టుకుని నిలబడ్డారు.

"ఒక్కసారే పెట్టానమ్మాయ్. మూడేళ్లయింది. ఊరు వాలింది. ఉప్పుమళ్లన్నీ సముద్రంలో కలిశాయి. గాలివాటం అని చెప్పాను అందరికీ. బోర్డు బాగా నడుస్తోందని కూడా చెప్పాను. ఆ మాట చెప్పాక మరి వెనక్కి తీసుకోవడం ఎట్టాగో తెలీలేదు."

"అందుకని మాకిచ్చారా?"

"మీ పెట్టె పెద్దదేమో అనుకున్నా" అన్నారు. ముఖం చిన్నబోయింది.

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. పులుసు గుండిగ కథ చెప్పాను. ఆయన మొదట మర్యాదకి నవ్వారు. మా ఆయన గుమ్మంలో చేతులు చాపాడన్న చోట కళ్లనీళ్లు తుడుచుకునేదాకా నవ్వారు. మూడేళ్ల బరువు దిగిన మనిషి నవ్వు అది.

నవ్వయ్యాక ఇద్దరం రెండు చీటీలనీ మళ్లీ చూసుకున్నాం. ఇద్దరికీ ఒకటే తట్టింది గానీ నేను ముందు అన్నాను.

"మావయ్య గారూ, ఒక పెట్టె మోయలేదు. రెండు మోస్తాయి కదా. మా పెట్టె కంప్యూటర్‌ని చూసుకుంటుంది. మీ పెట్టె బోర్డును మాత్రమే చూసుకుంటుంది."

"మా పెట్టె పట్టుకెళితే మా ఊరు?"

"ఊళ్లు దగ్గర పడేదాకా చేతిపంపులు. దగ్గర పడ్డాక రేడియో మీద మా కంప్యూటరే మీ ఊరినీ చూస్తుంది."

ఆయన చేతిలో మూత మెల్లగా కింద పెట్టారు. ఊరి కంప్యూటర్ ఆపి, దాని గుండెకాయ తీసి పక్క ఊరివాళ్ల చేతిలో పెట్టడం చిన్న మాట కాదు. నన్నడిగితే నేను ఒప్పుకునేదాన్నో కాదో.

"మా వాళ్లని అడగాలి. అడిగే ముందు ఉప్పుమళ్ల సంగతి చెప్పాలి" అన్నారు.

నవమి, పొద్దుటి పోటు

చెప్పారట. ఉప్పుమళ్లు పోయిన వాళ్లు కాసేపు తిట్టారట. తరవాత, ఈసారి పెట్టెతో పాటు నువ్వూ వెళ్లు, పెట్టె తిరిగొచ్చేదాకా నువ్వూ రాకు అన్నారట.

పెట్టెను ఉత్తరీయంలో చుట్టి ఒళ్లో పెట్టుకుని పడవలో వచ్చారు. వాళ్ల ఊరి నుంచి చేతిపంపుల పాట ఇక్కడికి వినిపిస్తోంది. ఊరంతా వంతులు వేసుకుని కొడుతున్నారు.

ఇద్దరం కలిసి బిగించాం. రెండు పెట్టెలూ ఒకేసారి మొదలవ్వాలి, ఒకేసారి ఆగాలి, లేకపోతే బోర్డు దెబ్బతింటుంది. దానికో చిన్న తీగ కలిపాం. రెండింటి ఇనుమునీ ఇంకో తీగతో జతచేశాం. ఆయన ప్రతి బిగింపునీ వేలితో లాగి చూశారు. నేను ఆయన చూసినవాటిని మళ్లీ లాగి చూశాను. ఇద్దరం ఒకరినొకరు ఏమీ అనుకోలేదు.

బోర్డుకి పెట్టిన హద్దు తీసేశాను. ధనకుమారిని పిలిచి, ఎంత పెద్ద అలల లెక్క ఇస్తావో నువ్వే ఇవ్వు అన్నాను. నలుగు పిండి చెంపలతో కూర్చుని, తనకి తెలిసిన చెడ్డ తుఫాన్లన్నీ ఒకదాని మీద ఒకటి ఇచ్చింది. బోర్డు గుంజింది. పెట్టెలు ఇచ్చాయి. తెర నల్లబడలేదు.

అది లేచి చేతులు దులుపుకుంది. "కలుపుతాను" అంది.

దశమి, పెళ్లి

తెల్లారేసరికి అలలు లేచాయి. ఎక్కడో దూరాన గాలివాన పడి ఉంటుంది. ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉంది, నీళ్లు మాత్రం కొండలు కొండలుగా వస్తున్నాయి.

అమ్మ నా గదికి వచ్చింది. "ఆపమంటావా?" అని అడిగింది. ఆవిడ నన్నో మాట అడగడం ఇదే మొదటిసారి.

"చెల్లిని అడగమ్మా."

"అడిగాను. అక్కాయ్‌ని అడగమంది."

కోదండపాణి గారు తమ పెట్టె మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నారు. "వేడిగా ఉంది. కానీ మామూలు వేడే" అన్నారు.

"కలపమనమ్మా" అన్నాను.

చుక్కాని గది కిటికీలోంచి చెల్లెలు కనిపిస్తోంది. పసుపుచీర, నుదుట బాసికం, రెండు చేతులూ చుక్కాని మీద. తెరచాపపాలెం దగ్గరికొస్తోంది. వాళ్ల అంచున ఎల్లాజీ తాడు పట్టుకుని నిలబడ్డాడు, వాడికీ బాసికం. మధ్యలో నీళ్లు సుళ్లు తిరుగుతున్నాయి.

అల వాళ్ల ఊరి కింద దూరింది. తెర మీద వాళ్ల తొట్లు ఎర్రబడ్డాయి. ఫ్యాన్లు ఒక్కసారిగా రొదపెట్టాయి. చవితినాడు సరిగ్గా ఇలాంటి చోటే ఆగింది. వాళ్ల పంపులు తిరిగాయి, అల దాటకముందే. ఊరు లేచి, దిగి, మట్టమైంది. తరవాత అల మా కిందికొచ్చింది. మాదీ అంతే. రెండు అంచులూ కలిసి లేచాయి, కలిసి దిగాయి. ధనకుమారి చుక్కాని చిన్నగా తిప్పింది. ఇనుము ఇనుముని తాకిన చప్పుడు కాళ్లలోకి వచ్చింది. తాళాలు పడ్డాయి.

రెండు వైపులా డోళ్లు మోగాయి. కోదండపాణి గారు పెట్టె మీంచి చెయ్యి తీయలేదు.

మగపెళ్లివారు నడిచి వచ్చారు. నాయనమ్మగారి మంచం నలుగురు మోశారు. అంచు దాటేటప్పుడు ఆవిడ మంచం కోళ్లు పట్టుకుని, "ఏదీ, ఊగలేదేంటి?" అని అడిగిందట.

తాళి కట్టే వేళకి నన్ను రమ్మని మనిషి మీద మనిషి వచ్చారు. నేను తెర ముందు నుంచి లేవలేదు.

"వెళ్లమ్మాయ్. నీ చెల్లెలు. నేనుంటాగా" అన్నారు మావయ్య గారు.

"మీ అబ్బాయి కూడా కదండీ."

"నాకు ఇక్కడ్నుంచి డోలు వినిపిస్తుంది."

వెళ్లాను. ఊరు ఊరంతా పందిట్లోకి ఒకవైపుకి చేరింది. కాలి కింద నేల కదల్లేదు. అక్షింతలు వేస్తుంటే ఏడుపొచ్చింది. పొగ అనుకున్నారు అందరూ.

ద్వాదశి, పాటు వేళ

ఈ పూట తాళాలు తీయాలి. అలలు తగ్గాయి. కోదండపాణి గారి పెట్టె ఆయన ఊరికి పోవాలి. మా పాత బోర్డు మళ్లీ బిగించాలి. ధనకుమారి ఎటు పోవాలన్నది మాత్రం ఇంతవరకూ ఎవరూ పైకి అనలేదు. అది వెళితే మాకు సరంగు లేదు. ఎల్లాజీ వస్తే వాళ్లకి వంటశాల లేదు.

అంచు దగ్గర రెండు ఊళ్లవాళ్లూ గుమిగూడారు. తాళం తీసేవాడు సుత్తి పట్టుకుని అమ్మ వంక చూశాడు. అమ్మ వాళ్ల పెద్దల వంక చూసింది. వాళ్లు మావయ్య గారి వంక చూశారు. ఆయన నన్ను చూశారు. నేను చుక్కాని గది వైపు చూశాను. చెల్లెలు తలుపు దగ్గర నిలబడి అటు చూడకుండా గోళ్ల పసుపు గీరుకుంటోంది.

అప్పుడు మా ఆయన, ఎల్లాజీ ఇద్దరూ కలిసి వండిన గుండిగలు అంచు మీదికి వచ్చాయి. సగం ఇటు, సగం అటు.

అమ్మ కొంగు దోపుకుంది.

"భోజనాలయ్యాక చూద్దాం" అంది.

పౌర్ణమి

ఇంకా భోజనాలవుతున్నాయి.